నేను గీకేసిన చుక్క

పోయిన నెల డర్బన్‌లో ఒక గ్యాలరీకి వెళ్ళాను. బీపీ మాత్ర వేసుకుని మరీ వెళ్ళాను, అయినా లాభం లేకపోయింది. తెల్లవాళ్ళ పాలన పోయి కొత్త ప్రభుత్వం వచ్చిన తొలి రోజుల్లో ఇక్కడ అచ్చయిన పోస్టర్లూ బొమ్మలూ ఏరి ఒకచోట పెట్టారు. మూడో గోడ మీద మా అక్క కనపడింది. నల్ల టోపీ, నల్ల కళ్ళద్దాలు, ఊదారంగు పెదవులు, నారింజరంగు ముఖం, వెనకాల నెమలికంఠం రంగు. నుదుట రూపాయి బిళ్ళంత ఎర్రటి బొట్టు. కింద చీటీ మీద 'భారతీయ స్త్రీ, స్క్రీన్ ప్రింట్' అని రెండే ముక్కలు.

బొమ్మ ముందు ఒక అమ్మాయి నిలబడి పదిమందికి వివరిస్తోంది. బాగా చదువుకున్న పిల్ల, మాట స్పష్టంగా ఉంది. "ఈ బొట్టు చూడండి. ఆ టోపీ, ఆ కళ్ళద్దాల మధ్య తన వారసత్వాన్ని ఆవిడ ఎంత ధీమాగా చాటుకుందో!" అంది. వాళ్ళంతా తలలు ఊపారు.

"ఆ బొట్టు ఆవిడ పెట్టుకోలేదమ్మా," అన్నాను వెనక నుంచి. "నేను పెట్టాను. ఆవిడ బాప్టిస్టు క్రైస్తవురాలు. బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఒక్కరోజు కూడా బొట్టు పెట్టుకోలేదు."

ఆ అమ్మాయి నా వంక చూసి, చాలా మర్యాదగా నవ్వి, జనాన్ని నాలుగో గోడ దగ్గరికి తీసుకుపోయింది.

అందుకే రాస్తున్నాను. కంప్యూటర్ ముందు కూర్చుని ముఖాల మీది మచ్చల్ని ఒక్క నొక్కుతో మాయం చేసే పిల్లలందరూ ఇది చదవాలి. నేను పాతికేళ్ళు ఈ పని చేసి, ముందుగానే రిటైరై ఇంట్లో కూర్చున్నదాన్ని. నాకు నోరెక్కువని మీకు ఎవరైనా చెప్పి ఉంటే, నిజమే చెప్పారు. అసలు నోరు పెగలాల్సిన రోజున అది పెగల్లేదు. ఆ సంగతే ఇది.

హైదరాబాద్‌లో ప్రింట్‌మేకింగ్ చదివాను. మా ఆయనకి ఇక్కడ ఆసుపత్రిలో ఉద్యోగం వస్తే, ఎన్నికలైన మరుసటి ఏడు వెంట వచ్చాను. ఇంట్లో కూర్చోవడం చేతకాక గ్రే స్ట్రీట్ వైపు ఒక స్క్రీన్ ప్రింటింగ్ వర్క్‌షాపులో చేరాను. కింద చీరల కొట్టు, పైన మేము. మెట్లు ఎక్కుతుంటే సగం దాకా అగరొత్తుల వాసన, ఆపైన కిరోసిన్ వాసన.

అక్కడ ముఖ్యమైనవాళ్ళు ముగ్గురు. మొదటివాడు డైరెక్టరు. తెల్లవాడు, మంచివాడనే అనాలి. పాత ప్రభుత్వం మీద పోస్టర్లు వేసి పోలీసుల చేత తలుపులు పగలగొట్టించుకున్నవాడు. 'మన ప్రజలు' అన్న మాట రోజుకి పాతికసార్లు వాడేవాడు. ఆ ప్రజల్లో ఎవరైనా ఎదురొచ్చి ఏదైనా అంటే మాత్రం వాచీ చూసుకునేవాడు.

రెండో ఆయన మా పెద్ద ప్రింటరు, జూలూ మనిషి. అందరం బాబా అనే పిలిచేవాళ్ళం, వాళ్ళ భాషలో నాన్న అని. నన్ను 'సిసి' అనేవాడు, అంటే సోదరి. స్క్రీన్ మీద ఇంకు లాగే రబ్బరు పలకని స్క్వీజీ అంటాం. బాబా దాన్ని లాగితే వందో కాగితం మీద కూడా రంగు మొదటి కాగితం మీద పడ్డట్టే పడేది. మాటలు తక్కువ.

మూడో మనిషి అక్క. తోబుట్టువు కాదు, పిలుపు వరసే. బట్టల మీద అచ్చు వేసే విభాగం ఆవిడది. నాకంటే పదేళ్ళు పెద్ద. మౌంట్ ఎడ్జ్‌కోంబ్‌లో చెరకు మిల్లు కూలీల బారక్స్‌లో పుట్టింది. ముత్తాత వైజాగ్ దగ్గర్నుంచి ఓడెక్కి వచ్చాడట. ఆవిడ మాట ముప్పాతిక ఇంగ్లీషు, మిగతా పావు మా తాతమ్మలు మాట్లాడిన తెలుగు. తిట్లూ వరసలూ మాత్రం అన్నీ తెలుగే. ఆవిడ ఇంగ్లీషుని నేను తెలుగు చేసి రాస్తున్నాను గానీ తెలుగు ముక్కల్ని అలాగే ఉంచుతున్నాను.

ఇక ఆవిడ వేషం చెప్పాలి. టాక్సీ అని పిలిచే ఆ కిక్కిరిసిన మినీబస్సులో, మోకాళ్ళ మీద మరొకరి కూరగాయల సంచీ పెట్టుకుని, భుజాలు నిక్కిన కోటు, ఒకపక్కకి వాలిన టోపీ, గుమ్మడి గింజలంత చెవిపోగులతో వచ్చేది. అన్నీ తను కుట్టుకున్నవే. వర్క్‌షాపులోకి రాగానే అవన్నీ విప్పి, రంగు మరకల ఆప్రాన్ కట్టుకుని, టోపీ మాత్రం తీసేది కాదు. "టోపీ తీస్తే నా మాట ఎవరు వింటారే?" అనేది. ఎన్నికలప్పుడు మూడు పార్టీల టీషర్టులూ ఈవిడే అచ్చు వేసిందట. ఒకే తీగ మీద పక్కపక్కనే ఆరేసింది. "బయట కొట్టుకు సస్తన్నారు, ఇక్కడ సూడు, ఒకరి మీద ఒకరు రంగు కారుకుంటన్నారు," అని చెప్పి నవ్వేది. నేను చేరేనాటికి కర్చీఫులు ఆరేస్తున్న ఆ తీగని నాకూ చూపించింది.

ఒకరోజు భోజనం వేళ, ఊరికే సరదాకి, మెట్ల మీద నిలబెట్టి ఆవిడ ఫోటో తీశాను. గడ్డం కొంచెం పైకెత్తింది. గడ్డం మధ్యలో, పెదవి కింద, ఆకుపచ్చ చుక్క ఒకటి ఉండేది ఆవిడకి. సూదితో పొడిచిన పచ్చబొట్టు. "ఇది కనపడాలి సెల్లీ," అని, దాని కథ చెప్పింది.

అయిదేళ్ళప్పుడు చెరకు తోటలో తప్పిపోయింది. సాయంత్రం పక్క బారక్స్ మనిషి ఎవరో ఎత్తుకొచ్చి, ఎవరి పిల్లో తెలీక నాలుగు వరసల ఇళ్ళూ తిప్పాడు. ఆ మర్నాడే వాళ్ళమ్మ మూడు సూదులు దారంతో కట్టి, దీపం మసీ ఆకు పసరూ కలిపి, పిల్లని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని పొడిచింది. ఇక ఎక్కడ తప్పిపోయినా గడ్డం చూసి ఎవరి పిల్లో చెప్తారని. "నేను అరుస్తన్నా, మా అమ్మ కదలకే అంటది. పాస్టరు గారు కోప్పడ్డారు తర్వాత. దేవుడు ఇచ్చిన ముఖం మీద రాతలేటని. మా అమ్మ ఏమందో తెలుసా? దేవుడు ఇచ్చిన పిల్లని చెరుకులో ఎతుక్కున్నది నేను కదా అయ్యగారూ, అంది."

ఆ ఫోటోతో చిన్న ప్రింటు ఒకటి వేశాను. నాలుగు రంగులు, అన్నీ అరుస్తున్నట్టుండే రంగులు. గోడకి అంటించాను. అక్క దాని ముందు నిలబడి, నడుం మీద చెయ్యేసుకుని, "ఎవరే ఈ మహారాణి?" అంది.

డైరెక్టరు కూడా చూశాడు. సరిగ్గా అప్పుడే పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో కొత్తగా తెరవబోయే ఒక ఆఫీసు భవనానికి నాలుగు పెద్ద బొమ్మలు కావాలని ఆర్డరు వచ్చింది. కొత్త దేశపు నాలుగు ముఖాలు. ఒక జూలూ స్త్రీ, ఒక తెల్లామె, ఒక కలర్డ్ ఆవిడ, అంటే మిశ్రమ సంతతి ఆమె, ఒక ఇండియన్. ఇండియన్ ఎవరో గోడ మీదే ఉంది. "ఇదే కావాలి," అన్నాడు.

అక్క ఒప్పుకుంది. రెండు షరతులు పెట్టింది. టోపీ తీయకూడదు. కింద తన పేరు ఉండాలి. "పూర్తి పేరు. మా అమ్మ పెట్టిన పేరూ, ఇంటిపేరూ. స్కూల్లో టీచరు సగం కోసేసింది, మిల్లు ఆఫీసులో గుమాస్తా ఇంకో సగం కోసేశాడు. ఈసారి మొత్తం కావాలి." డైరెక్టరు చేతులు జోడించినంత పని చేశాడు. ఆవిడ ఆ వారమే వాళ్ళమ్మకి చెప్పింది. ఎనభై ఏళ్ళ ముసలావిడ, మిల్లు బారక్స్ కూల్చేశాక కూతురి దగ్గరే ఉండేది. నేను పెద్దమ్మా అనేదాన్ని. గవర్నమెంటు గోడ మీద కూతురి ముఖం! పెద్దమ్మ ఆ రోజు కోసం తెల్ల చీర ఉతికి, మడిచి, దిండు కింద పెట్టుకుంది. అక్క బొమ్మ ముందుగా చూడనంది. "అమ్మతో కలిసే చూస్తా. మీరు గుడ్డ కప్పి ఉంచండి."

ఇక నా నిర్వాకం వినండి.

ఈ పనిలో ఒక్కో రంగుకీ ఒక్కో స్క్రీన్. అన్నిటికంటే చివర నల్లది. కళ్ళు, ముక్కు, అంచులు అన్నీ నలుపులోనే వస్తాయి. ఆ నలుపు కోసం ఫోటోని పెద్ద పారదర్శకమైన ఫిల్మ్ మీదికి తీసి, లైటు బల్ల మీద పరిచి, అక్కర్లేని నల్ల మచ్చల్ని బ్లేడుతో గీకేస్తాం. ధూళి, వెంట్రుకలు, ఫిల్మ్ లోపాలు. రోజూ చేసే పని. ఆ రోజూ అలాగే గీకుతూ గీకుతూ గడ్డం దాకా వచ్చాను. చుక్క ఉంది. ఆగాను. గీకేశాను.

ఎవరూ చెప్పలేదు నాకు. డైరెక్టరు గదిలో లేడు, ఆర్డరిచ్చినవాళ్ళు లేరు. అందుకే ఎవరినీ అనడానికి వీల్లేదు, అదే నా మంట. టోపీ, కళ్ళద్దాలు, ఊదారంగు పెదవులు, అంత ఆధునికమైన ముఖం మీద ఆ పల్లెటూరి గుర్తు ఏమిటి అనిపించింది. ఇంకా విడమరిచి చెప్పాలంటే, మా చిన్నప్పుడు మా ఇంటికి వచ్చేవాళ్ళలో పచ్చబొట్లు ఇద్దరికే ఉండేవి. పాలు పోసే ఆమెకీ, అంట్లు తోమే ఆమెకీ. ఫైన్ ఆర్ట్స్ చదివి సముద్రం దాటి వచ్చినా, నా చేతిలో బ్లేడుకి అది గుర్తుంది.

తర్వాత వారం ఆర్డరిచ్చిన కమిటీ వాళ్ళు నమూనా చూసి ఉత్తరం రాశారు. డైరెక్టరు దాన్ని పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఇండియన్ అని తెలియడం లేదంటున్నారు. చీర వేయమంటున్నారు. టోపీ తీసేసి."

"ఆవిడ చీరలో ఉండగా మీరు ఎప్పుడైనా చూశారా?"

"లేదు. కానీ ఇది ఆవిడ కాదు కదా, ఇది ఒక ప్రతీక."

"అయితే ఆవిడ ఎందుకు? కింద కొట్లో బొమ్మకి కట్టిన చీర ఉంది. దాన్ని ఫోటో తీయండి."

గంటన్నర పోట్లాడాను. గొంతు కింద కొట్టుదాకా వినపడింది, సేల్స్‌మన్ మెట్ల దగ్గరికి వచ్చి చూసి వెళ్ళాడు. చివరికి డైరెక్టరు అలసిపోయి, "సరే, టోపీ ఉంచుదాం, కళ్ళద్దాలు ఉంచుదాం. నుదుట ఆ ఎర్ర చుక్క ఒకటి పెడదాం. అదైనా ఒప్పుకో," అన్నాడు.

ఒప్పుకున్నాను. గెలిచాననుకున్నాను కూడా. బోసి నుదురుతో గుమ్మం దిగొద్దని తిట్టే తల్లి పెంచిన దాన్ని నేను. బొట్టు పెడితే ముఖానికి కళ వస్తుందని తప్ప, ఒక ముఖానికి అది అబద్ధం కాగలదని నా బుర్రకి తట్టలేదు. పైగా గిన్నె మూత పెట్టి, సరిగ్గా మధ్యకి వచ్చేలా, నేనే కొలిచి గీశాను.

ఎరుపు లాగే ముందు బాబా స్క్వీజీ పట్టుకుని ఒక్క క్షణం ఆగాడు.

"ఆవిడ ఇది పెట్టుకుంటుందా, సిసి?"

"మా ఆడవాళ్ళందరూ పెట్టుకుంటారు బాబా," అన్నాను.

ఆయన లాగాడు. పెద్ద బొమ్మలతో పాటు అతిథులకి ఇవ్వడానికి చిన్న సైజు కాపీలు కూడా కొన్ని వేశాం. అన్నిట్లోనూ బొట్టు చక్కగా కుదిరింది.

భవనం తెరిచే రోజున వర్క్‌షాపు వ్యానులో వెళ్ళాం. బాబా నడిపాడు. పెద్దమ్మ ముందు సీట్లో, తలమీద కొంగు, చేతిరుమాల్లో చుట్టిన తెలుగు బైబిలు ఒళ్ళో. చూపు ఆనక చదవడం మానేసి చాలాకాలమైందట, అయినా పెద్ద చోట్లకి వెళ్ళేటప్పుడు పట్టుకెళ్ళేది. అక్క గులాబీరంగు సూటు, ఎనిమిది వేళ్ళ వెడల్పు అంచున్న టోపీ. దారంతా తల్లికి వర్ణిస్తూనే ఉంది. "మనిసి ఎత్తు ఉంటదమ్మా. కింద నా పేరు. నీ పేరు కూడా సగం అందులో ఉంది గదా."

ఉపన్యాసాలయ్యాయి. పిల్లలు పాట పాడారు. తాడు లాగితే నాలుగు బొమ్మల మీది గుడ్డలూ ఒకేసారి జారాయి. చప్పట్లు. నేను బొమ్మ వంక చూడలేదు, అక్క వంక చూశాను. కళ్ళద్దాల వెనక ఏం జరిగిందో కనపడలేదు. నోరు మాత్రం కొంచెం తెరుచుకుని అలా ఉండిపోయింది.

పెద్దమ్మ జనాన్ని తోసుకుంటూ గోడ దగ్గరికి వెళ్ళింది. ముఖం ఎత్తి చూసింది.

"ఎవుర్తే ఇది?"

"నేనేనమ్మా."

"కాదు. నువ్వెక్కడ?" ఆవిడ చెయ్యి చాచి, అద్దం మీద వేలు పెట్టి గడ్డం దగ్గర తడిమింది. "సుక్క ఏదే? సుక్క లేకపోతే నా పిల్లని నాకెలా తెలస్తది?"

అక్క కిందికి వంగి చీటీ చదివింది. 'భారతీయ స్త్రీ.' అంతే. పేర్లు పెడితే మిగతా వాళ్ళకి అసూయలు వస్తాయని కమిటీ తీసేసిందట. నాకు ఆ ముక్క చెప్పనేలేదు. చెప్పి ఉంటే ఏం చేసేదాన్నో తెలీదు, ఇప్పుడైతే గొప్పలు పోవచ్చు.

డైరెక్టరు నవ్వుతూ చేతులు చాచుకుంటూ వచ్చాడు. "ఎలా ఉంది? మీ వారసత్వానికి ఇది మా వందనం!"

"ఏ వారసత్వం సర్?" అంది అక్క. గొంతు లేవలేదు, మామూలుగానే ఉంది. "నా వారసత్వం ఇదిగో, తెల్ల చీరలో నిలబడింది. ఈవిడ నుదుట మీకు ఏమన్నా కనపడిందా? అడిగారా?"

ఆయన వాచీ చూసుకున్నాడు.

అప్పుడు నా వైపు తిరిగింది. "బొట్టు ఎవరు పెట్టమన్నారు సెల్లీ?"

"కమిటీ వాళ్ళు."

"సుక్క?"

నేను బొమ్మ కింది చీటీ వంక చూశాను.

"సుక్క తీసెయ్యమని కూడా కమిటీయే చెప్పిందా?"

"ధూళి అనుకున్నాను అక్కా," అన్నాను. "ఫిల్మ్ మీద మచ్చ అనుకుని..."

గంటన్నర అరిచిన నోటితో అన్న మాట అది. అక్క టోపీ సరిచేసుకుంది. "మెట్ల మీద నీకు కథ చెప్పాను," అంది. తర్వాత తల్లి మోచెయ్యి పట్టుకుని, "పదండి మేడమ్, వెళ్దాం," అంది నాతో. మేడమ్!

తిరుగుదారిలో నేను వెనక సీట్లో ఒక మూలకి కూర్చున్నాను. ఎక్కడో కొండ దిగుతుండగా పెద్దమ్మ ఒక్కతే వెనక్కి తిరిగి నన్ను, "బువ్వ తిన్నావా?" అని అడిగింది. నన్ను ఎవరైనా రెండు తగిలిస్తే బాగుండు అనిపించింది.

మర్నాడు ఆవిడ మామూలుగానే పనికి వచ్చింది. టోపీతో. "గుడ్ మార్నింగ్ మేడమ్." సాయంత్రం "గుడ్ ఈవెనింగ్ మేడమ్." ఆ మధ్యలో ఏమీ లేదు.

నేను డైరెక్టరు మీద పడ్డాను. బొమ్మ మార్చాలన్నాను. కాపీలు అందరికీ ఇచ్చేశాం, కమిటీ ఆమోదించింది, ఇప్పుడేం చేస్తామన్నాడు. "ఎవరూ ఫిర్యాదు కూడా చేయలేదు కదా," అన్నాడు.

"ఆవిడ చేసింది. మీ ముందే నిలబడి చేసింది."

"అహఁ, నా ఉద్దేశం ప్రజల్లోంచి ఎవరూ అని."

ఆ వాక్యం నేను ఇప్పటికీ మరిచిపోలేదు. మీరు ఏ ఆఫీసులో పని చేసినా అది ఏదో ఒక రూపంలో వినపడుతుంది, చెవులు రిక్కించుకుని ఉండండి. ఎవరి ముఖమో ఆవిడ ప్రజల్లో లెక్క కాదట!

వెళ్ళి బాబా దగ్గర తిట్టాను, ఆయన్ని కాదు, డైరెక్టర్ని. ఆయన స్క్వీజీ తుడుస్తూ అంతా విన్నాడు.

"నేను నిన్ను అడిగాను, సిసి. పెట్టుకుంటుందా అని."

"అడిగారు."

"ఆ జూలూ బొమ్మలో ఉన్నావిడ ఎవరో తెలుసా? మా వీధిలో నర్సు. మెడలో పూసలూ, తలమీద ఆ పెద్ద ఎర్ర టోపీ ఆవిడ పెళ్ళిలో కూడా వేసుకోలేదు. వాళ్ళు గీయమన్నారు, నేను లాగాను. నన్ను నేను కూడా అడిగి ఉండాల్సింది." స్క్వీజీ కొక్కేనికి తగిలించి, "స్క్రీన్లు ఇంకా కడగలేదు. ఇంకా కాపీలు కావాలంటారేమోనని డైరెక్టరు ఉంచమన్నాడు. శనివారం తాళం నా దగ్గరే ఉంటుంది," అన్నాడు.

దానికి ముందు నేను చేయాల్సింది ఇంకొకటి ఉంది. శుక్రవారం మధ్యాహ్నం అక్క మెట్ల మీద ఒక్కతే కూర్చుని తింటుంటే వెళ్ళి రెండు మెట్లు కింద నిలబడ్డాను.

"అక్కా, ధూళి అనుకోలేదు. చుక్క అని తెలిసే తీశాను. మా ఇంట్లో పచ్చబొట్లు పనివాళ్ళకి ఉండేవి. అందుకు."

ఆవిడ నమలడం ఆపలేదు. మింగి, నీళ్ళు తాగి, అప్పుడంది. "తెలుసు. నువ్వు వచ్చిన మొదటి రోజే నా గడ్డం సూశావ్, తర్వాత నా బూట్లు సూశావ్. మళ్ళీ గడ్డం సూశావ్. నీకు లెక్క కుదరలేదు."

నేను ఇంకో మెట్టు కిందికి దిగాను.

"రేపు బొట్టు లేకుండా మళ్ళీ వేస్తాం. ఫిల్మ్ కొత్తగా తీసి చుక్క కూడా..."

"ఐకోనా!" అంది. చెరకు తోటల నుంచి గనుల దాకా ఈ దేశంలో అందరికీ తెలిసిన మాట అది, వద్దంటే వద్దని. "సుక్క నువ్వు పెట్టకు. ఖాళీగా ఉంచు. పెట్టేవాళ్ళని నేను తీసుకొస్తా."

శనివారం పొద్దున్నే మొదలుపెట్టాం. ఒక్కో రంగు ఆరాక మరొకటి. నీలం, నారింజ, ఊదా. ఎర్ర స్క్రీన్‌ని బాబా తీసుకెళ్ళి గొట్టం కింద పెట్టి కడిగేశాడు. ఆఖరున నలుపు. నర్సు బొమ్మ కూడా పూసలూ ఎర్ర టోపీ లేకుండా వేశాడు, ఆవిడ యూనిఫాం కాలర్ ఒక్కటే బయటికి తేలింది, ఎంత బాగుందో!

మధ్యాహ్నానికి పెద్దమ్మ వచ్చింది. నలభై మెట్లు, మధ్యలో రెండుసార్లు కూర్చుని ఎక్కింది. అక్క ఆకుపచ్చ, నలుపు కలిపి, తన గడ్డానికి ఆనించి సరిచూసి, మళ్ళీ కొంచెం పచ్చ వేసి రంగు తయారు చేసింది. బ్రష్ ఇస్తే పెద్దమ్మ తీసుకోలేదు. అగ్గిపుల్ల అడిగింది. దాన్ని పళ్ళతో నమిలి మెత్తగా చేసి, రంగులో ముంచి, బల్ల మీదికి వంగింది. ముఖం కాగితానికి జానెడు దూరంలో ఉంది. ఎడమ చేత్తో కాగితం మీది గడ్డాన్ని పట్టుకున్నట్టు పట్టుకుంది.

"కదలకే," అంది బొమ్మతో.

పెట్టింది. పక్కనే నిలబడ్డ కూతురి గడ్డం చూసి, బొమ్మ చూసి, ఇంకొంచెం అద్దింది. గుండ్రంగా రాలేదు, ఒకపక్కకి తోక సాగింది. అసలు చుక్కకీ అలాగే ఉంటుంది, అప్పటిదాకా నేను గమనించనేలేదు.

"అప్పుడు ఊరంతా వినపడేలా ఏడ్సింది ఇది," అంది పెద్దమ్మ బాబాతో. ఆయనకి ఒక్క ముక్క తెలుగు రాదు, అయినా తల ఊపాడు. "ఇప్పుడు సూడు, నోరెత్తలేదు."

అక్క నల్లద్దాలు తీసి ఆప్రాన్‌తో తుడుచుకుంది. అద్దాలనే తుడిచిందనుకోండి.

సోమవారం బాబా, నేను వ్యానేసుకుని వెళ్ళాం. గుమ్మం దగ్గర కాపలాదారుతో బాబా జూలూలో ఏదో చెప్పాడు, అద్దాలు తుడవడానికి వచ్చామనట. అతనే నిచ్చెన పట్టుకున్నాడు. ఫ్రేములు దింపి, పాతవి తీసి, కొత్తవి పెట్టి మళ్ళీ ఎక్కించాం. చీటీలు కూడా మార్చాం. ఒకదాని మీద అక్క తన చేత్తో తన పేరంతా రాసింది, ఒక్క అక్షరం కోయకుండా. ఇంకోదాని మీద బాబా అడిగి రాయించుకొచ్చిన నర్సు పేరు. అరగంట పని.

పెద్ద గొడవ అవుతుందని రాజీనామా కాగితం రాసి బ్యాగులో పెట్టుకు తిరిగాను. వారమైంది, నెలైంది. ఎవరూ ఏమీ అనలేదు. ఏడాది తిరిగాక అదే భవనంలో ఏదో సభ జరిగితే మేమంతా వెళ్ళాం. డైరెక్టరు ఆ బొమ్మ పక్కనే నిలబడి అతిథులకి చెప్పాడు: "ఆ ఒక్క ఎర్ర చుక్క చాలు, మన ప్రజల కథంతా అందులో ఉంది." అతిథులు తలలు ఊపారు. గోడ మీద ఎర్ర చుక్క లేదు! వాళ్ళకి ఎదురుగా, మనిషి ఎత్తున, బోసి నుదురూ గడ్డం మీద పచ్చ చుక్కా ఉన్నాయి. ఇండియన్ అని తెలియడం లేదని ఉత్తరం రాసిన కమిటీలో ఇద్దరు అక్కడే నిలబడి టీ తాగుతున్నారు. నేను నోరు తెరవబోయాను. అక్క వెనక నుంచి నా జడ పట్టుకుని లాగింది. "ఒగ్గేయ్ సెల్లీ," అంది నవ్వాపుకుంటూ. ఆ రోజే మేడమ్ పోయి మళ్ళీ చెల్లినయ్యాను. ఏడాది పట్టింది.

గోడ మీంచి దింపిన పాత బొమ్మని అక్క ఏం చేసిందో చెప్పలేదు కదా. వెనక వైపు తెల్లగా, దళసరిగా ఉంది కాగితం. దాని మీద కోటు కొలతలు గీసి, కత్తిరించి, ప్యాట్రన్ చేసుకుంది. బొట్టు భుజం ముక్కలోకి వచ్చింది. ఆ కొలతతో నాకూ ఒక కోటు కుట్టింది, భుజాలు నిక్కి ఉంటాయి, ఇప్పటికీ వేసుకుంటాను.

కానీ అతిథులకి పంచిన ఆ చిన్న కాపీలు ఉన్నాయే, వాటిని వెనక్కి తేలేకపోయాం. అవి ఇళ్ళల్లో, ఆఫీసుల్లో, ఇప్పుడు గ్యాలరీల్లో బతుకుతున్నాయి. చుక్క లేకుండా, బొట్టుతో, పేరు లేకుండా. వాటిని చూసి చదువుకున్న పిల్లలు పాఠాలు చెబుతున్నారు. నేను బ్లేడుతో గీకింది ఒక్కసారే, ఆ గీకుడు మాత్రం ఆగలేదు.

అక్క పేరు ఇక్కడ రాయడం నాకు నిమిషం పని. రాయను. పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో ఆ భవనం ఇంకా ఉంది. మొదటి అంతస్తులో, మెట్లు ఎక్కగానే ఎడమ చేతి గోడ. దగ్గరికి వెళ్ళి గడ్డం చూడండి. మిగతా రంగులన్నీ చదునుగా ఉంటాయి, ఆ పచ్చ చుక్క ఒక్కటే కాగితం మీద కాస్త ఉబ్బి, ఒకపక్కకి తోక సాగి ఉంటుంది. అది చూశాక కిందికి వంగండి. పేరు అక్కడ రాసి ఉంది, ఆవిడ చేతిరాతలోనే. కావలసినవాళ్ళు వెళ్ళి, ఆవిడ ఎదురుగా నిలబడి చదువుకోండి. నాలుగో గోడకి వెళ్ళిపోయిన ఆ అమ్మాయి అందరికంటే ముందు వెళ్ళాలి.